మరియమ్మ టమాట, తిరుగు ఇత్తనం

2003 జూన్‌ల నన్ను గద్వాల డిపో నుంచి వనపర్తి డిపోకు బదిలీ చేసిండ్రు. నేను బస్సు డ్రైవర్ని. కొత్తగ వచ్చిన డ్రైవర్ని మొదలు స్పేర్‌ల పెడ్తరు. స్పేర్ అంటె ఎవరు డ్యూటీకి రాకపోతె వాళ్ల బస్సు మనం తీస్కపోవుడు. పొద్దుగాల్నే కంట్రోలర్ కిటికి కాడ నిలబడి, ఇయ్యాల ఎవరికి జరం వస్తదా అని దేవుని మీద భారం వేసి చూసుడు. కొన్ని దినాలు అట్ల పక్కోళ్ల ఆరోగ్యం గురించి పరేషాన్ అయినంక నాకు సొంతంగ ఒక రూటు ఇచ్చిండ్రు. వనపర్తి నుంచి కోడేరు మీదుగ నాగర్‌కర్నూల్, మళ్ల అదే తొవ్వల వెనకకు. అప్పట్ల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒక్కటే జిల్లా, పాలమూరు.

ఆ రూటు ఎవరికీ ఇష్టం లేకుండె. సింగిల్ రోడ్డు. ఎదురుంగ బస్సు వస్తె ఇద్దరిల ఒకరు మట్టిలకు దిగాలె. ఆర్డినరీ సర్వీసు కాబట్టి చెయ్యి ఎత్తిన కాడల్ల ఆపాలె. కొందరు చెయ్యి ఎత్తేది బస్సుకు కాదు, దండం పెట్టనీకి, ఆగినంక తెలుస్తది. ఇన్ని సార్లు ఆగితె డీజిల్ మైలేజి రాదు. మైలేజి రాని డ్రైవర్ని డిపో మేనేజర్ గదిలకు పిలుస్తడు. నన్ను ఎక్కువ సార్లు పిలిచిండు గనుక ఆ గదిల ఫ్యాను ఎట్ల చప్పుడు చేస్తదో ఇప్పటికీ యాదికున్నది.

నా చదువు ఏడో తరగతి దాక. లెక్కల సారుకు నాకు పడలే. ఇద్దరిల ఒకరు బడి ఇడ్సిపెట్టాల్సి వచ్చింది. ఆయనకు జీతం వస్తుండె, నాకు రాకుండె, అందుకని నేనే ఇడ్సిన. లారీ మీద క్లీనరుగ ఎక్కి, స్టీరింగు నేర్చుకొని, హెవీ లైసెన్సు తీస్కొని నౌకరిల చేరిన. ఇది చెప్పేది ఎందుకంటె, కింద రాసే ముచ్చట చెట్ల శాస్త్రం చదివినోని ముచ్చట కాదు. కిటికిల నుంచి చూసినోని ముచ్చట.

పల్లెటూరి రూటుల డ్రైవర్ కిటికి అంటె సగం పోస్టాఫీసు. మనిషి లేకుండ వట్టి సామాను తీస్కపోవద్దని మా రూలు. కానీ కోడేరుల చదువుకునే బిడ్డకు తల్లి పంపిన సద్ది గిన్నె, నాగర్‌కర్నూల్ దవాఖాన కాడ ఉన్న ముసలాయనకు గోలీలు, తడిబట్టల చుట్టిన మిరప నారు, ఇసొంటివి కిటికిల నుంచి ఇస్తె కాదని ఎట్లంటం? రేపు మళ్ల అదే ఊరి ముందర నుంచి పోవాలె గద. కండక్టర్ ఖాజా భాయ్ నా కంటె పెద్దమనిషి, నా కంటె పెద్ద నోరు. నన్ను 'ఉస్తాద్' అనేటోడు. "ముందల నీ సంసారం, వెనక నా సంసారం. నీ గిన్నెలు నాకు చూపియ్యకు, నేను చూడలే అని చెప్తె అబద్ధం కావొద్దు" అని మొదటి రోజే ఒప్పందం చేసుకున్నడు.

మరియమ్మ కోడేరుకు ఇవతల ఒక చిన్న స్టేజిల ఎక్కేది. ఊరి పేరు రాయను, ఆ ఊరోళ్లు బస్సు ఎక్కుడు ఇంకా బంద్ చెయ్యలే. కూలి పని చేసే మనిషి, ముప్పై అయిదేండ్లు ఉంటుండొచ్చు. ఇంటి వెనక జాలారు కాడ, అంటె తానం చేసి బోళ్లు తోమే బండ కాడ, ఆ నీళ్లు పారే జాగల నాలుగు టమాట చెట్లు, రెండు వంకాయ, ఒక బీర తీగ పెట్టుకునేది. ఇంట్లకు పోను మిగిలినయి గంపల వేసుకొని అంగడి రోజు కోడేరుకు వచ్చేది.

ఆ టమాటలు చూస్తె ఎవడైన నవ్వుతడు. గుండ్రంగ ఉండవు. చిన్న గుమ్మడికాయను పైనుంచి గట్టిగ ఒత్తినట్టు, చుట్టూత గాడులు గాడులు. పండినా తొడిమె కాడ పచ్చగనే ఉంటయి. తోలు పల్చన, బస్సు కుదుపుకే పగులుతయి.

"ఏం మరియమ్మా, టమాటలను ఎవరన్న కొట్టిండ్రా? అన్నీ సొట్టలే ఉన్నయి" అన్న ఒక రోజు.

"ఎక్కేటప్పుడు గుండ్రంగనే ఉండె అన్నా. నీ బండి నడ్పుడుకు సొట్టలు పడ్డయి" అన్నది.

బస్సు మొత్తం నవ్వింది. ఖాజా భాయ్ విజిల్ ఊదబోయి నవ్వుకు ఊదలేకపోయిండు. ఆ నాటి నుంచి ఆమెతోని జర సోంచాయించి మాట్లాడిన.

దిగేటప్పుడు పగిలిన రెండు టమాటలు బానెట్ మీద పెట్టి పోయింది. బానెట్ అంటె డ్రైవర్ పక్కన ఇంజన్ మీద ఉండే మూత. దాని మీద ఏది పెట్టినా వేడి అయితది. నాగర్‌కర్నూల్ బస్టాండుల సద్ది ఇప్పి, జొన్నరొట్టె మీద ఆ టమాట పిండి, ఉప్పు చల్లుకొని తిన్న. పులుపు మొదలు నాలిక పక్కల పడ్తది, కొంచెం ఆగినంక తియ్యగ వస్తది. చింతపండు అక్కర లేని పులుపు. ఖాజా భాయ్ రెండోది తిని, చేతికి అంటిన రసం కూడ నాకిండు. "ఉస్తాద్, ఇది మా అమ్మీ చేసిన దాల్చా పులుపు లెక్క ఉంది" అన్నడు. ఆయన తల్లి పోయి చానా ఏండ్లయింది. నేను ఉప్పు పొట్లం ఆయన దిక్కు జరిపిన.

ఆ చలికాలం బస్సుల ఆ టమాటకు పేరు పడ్డది. మరియమ్మ టమాట. రుచి చూసిన ఆడోళ్లు ఇత్తనం అడిగిండ్రు. మరియమ్మ ఎవరికీ లేదనలే, కానీ ఆమెకు రెండు షరతులు ఉండె. ఒకటి, పండు తిన్నోళ్లకే ఇత్తనం. తినకుండ తీస్కపోయినోళ్లకు దాని మీద మనసు ఉండదు, ఎండవెడ్తరు అనేది. రెండోది తిరుగు ఇత్తనం. తీస్కపోయినోళ్లు పంట చూసినంక వాళ్ల చెట్ల నుంచి ఒక చిటికెడు ఇత్తనం దాచి పెట్టాలె. ఆమె ఇత్తనం పోయి, ఎప్పుడన్న వచ్చి అడిగితె, చేతిల పెట్టాలె.

"అడగకపోతె?" అన్నది ఒకామె.

"అడగకపోతె నాది బాగున్నట్టు. నువ్వు సల్లగ తిను" అన్నది మరియమ్మ.

ఆ టమాట ఆమెకు తల్లి ఇచ్చింది. తల్లి పోయింది. తల్లి గుడిసె పోయింది, తల్లి మెడల ఉన్న పుస్తెలు ఎప్పుడో దవాఖాన ఖర్చుల పోయినయి. తల్లిది అనేటిది ఈ ఒక్కటే మిగిలింది అని ఒకసారి దిగుకుంట చెప్పింది. చెప్పి, చిల్లర కోసం ఖాజా భాయ్‌తోని కొట్లాడి పోయింది.

ఇత్తనం దాచే పద్ధతి మా దిక్కు ఆడోళ్లకు తెలిసిందే. తెల్వనోళ్ల కోసం రాస్తున్న. బాగ పండిన కాయ పిసికి, గుజ్జుతోని ఇత్తులు తీసి, తడి పెండల కలిపి పిడక చేసి గోడకు కొడ్తరు. ఎండినంక పురుగు పట్టదు, ఎలుక ముట్టదు, రెండు మూడేండ్లు మొలక చెడిపోదు. మిర్గం, అంటె మృగశిర కార్తె, వానలు పడ్డప్పుడు పిడక ముక్క ఇర్సి, నలిపి మడిల చల్లితె ఇత్తనం దాని ఎరువు అదే తెచ్చుకున్నట్టు. మామూలు పిడకల ఇవి కలవకుండ మరియమ్మ ఒక గుర్తు పెట్టేది. మామూలు పిడక మీద అయిదు వేళ్ల అచ్చు ఉంటది, ఇత్తనం పిడక మీద మూడు వేళ్ల అచ్చే కొట్టేది.

ఆ పిడక ముక్కలను ఇంటింటికి చేర్సే పని నా కిటికికి పడ్డది. బానెట్ మీద పెడితె ఇత్తనం ఉడుకుతదని కాయితంల చుట్టి, అద్దం పక్క కొట్టిన మొలకు తగిలిచ్చేటోన్ని. "ఉస్తాద్, దీనికి ఫుల్ టికెట్టా, ఆఫ్ టికెట్టా?" అని ఖాజా భాయ్. "ఇంకా పుట్టలే కద, టికెట్ లేదు" అని నేను. ఒకసారి తొవ్వల చెకింగ్ అధికారి ఎక్కి, ఆ మొలకు వేలాడే పొట్లం ఇప్పి చూసిండు. లోపల పెండ పిడక. నా మొకం దిక్కు చూసిండు. "దిష్టి తగలకుండ సార్" అన్న. ఆయన నిమ్మకాయలు, మిరపకాయలు చూసిండు గానీ పిడక చూడలే. మళ్ల మడిచి, తన చేతితోనే మొలకు పెట్టి, చేతులు తుడ్సుకుంట దిగిండు.

అట్ల ఆ ఇత్తనం చానా ఇండ్లకు పోయింది. నాగర్‌కర్నూల్ బస్టాండు వెనక ఉండే దవాఖాన ఆయమ్మకు. తొవ్వల ఒక స్టేజి కాడ కిరాణం నడిపే రంగమ్మకు. ఒకసారి కోడేరుల బిడ్డను చూసిపోయే తిమ్మాజిపేట ముసలామె అంజమ్మ, బస్సులనే పండు కొరికి, రసం చీర మీద పోసుకొని, మరియమ్మ ఒడిల నుంచి పిడక ముక్క తనే తీస్కున్నది. నేను మాత్రం పెట్టుకోలే. వనపర్తిల మాది కిరాయి ఇల్లు, పై పోర్షన్. కాలు కింద సిమెంట్, సిమెంట్ కింద ఓనరు.

మరుసటేడు వానలు మొకం చాటేసినయి. ఊర్ల కూలి లేదు. దసర పోయినంక మరియమ్మ, ఆమె పెనిమిటి మేస్త్రి కింద పూనాకు బిల్డింగు పనికి పోయిండ్రు. పోయే రోజు మూటలతోని నా బస్సే ఎక్కిండ్రు. దిగేటప్పుడు కిటికి కాడికి వచ్చింది.

"పిడకలు మా మరిది ఇంటి గోడకు కొట్టి పోతున్న అన్నా. చెట్లు ఉంటయో పోతయో, ఇత్తనం అయితె ఉంటది."

"పూనాల టమాటలు దొరుకుతయి తియ్యి" అన్న, ఏదో ఒకటి అనాలె గనుక.

"దొరుకుతయి" అన్నది. గంతే అన్నది.

మళ్ల ఆమెను చూసింది 2006 మిర్గం ముందు. ఇంటి కప్పు కురుస్తుందంటె సరిచేసుకోనీకి వచ్చిండ్రు. మేస్త్రి ఇచ్చిన గడువు కొన్ని దినాలే, మళ్ల పోవాలె. ఆ రోజు ఆమె గంప లేకుండ చెయ్యి ఎత్తింది. బస్సు ఎక్కలే, నా కిటికి కాడికే వచ్చింది.

"అన్నా, పిడకలు పొయ్యిల పోయినయి."

మరిది ఇంట్ల పెండ్లి అయింది. పెండ్లి నీళ్లు కాగపెట్టనీకి గోడ మీదియి అన్నీ గీకి వేసిండ్రు. మూడు వేళ్ల అచ్చు చూసి, ఎవరో చేత కానోళ్లు కొట్టిన పిడకలు అనుకొని వాటినే ముందల వేసిండ్రంట. మంచిగ ఎండి ఉన్నయి, బాగ మండినయి. చెట్లు ఎప్పుడో ఎండిపోయినయి.

"మరి ఏమన్నవు వాళ్లను?" అన్న.

"ఏమంటం అన్నా. పిడక ఉన్నది పొయ్యిలకే గద" అన్నది. "అందరికి ఇచ్చిన. ఎవరింట్లనన్న ఉన్నదా, జర అడుగు. నేను మళ్ల పోయేలోపట. మా అమ్మది గదొక్కటే."

వెనక నుంచి ఎవరో "పోనియ్యి డ్రైవర్ సాబ్, ఎండ కొడ్తుంది" అని ఒర్రిండ్రు. ఖాజా భాయ్ వాళ్ల దిక్కు తిరిగి, "బస్సు గరం అయింది, సల్లబడనియ్యి" అన్నడు. బస్సుకు ఏం కాలేదు.

ఆ రోజు నుంచి నేను ఆగిన కాడల్ల అదే అడుగుడు. నాగర్‌కర్నూల్‌ల ఆయమ్మ ఇంటికి టీ తాగే టైముల నడ్సుకుంట పోయిన. ఆమె నన్ను వాకిట్లకు తీస్కపోయి నేల చూపెట్టింది. ఇంటి ఓనరు వాకిలి మొత్తం సిమెంట్ చేపిచ్చిండు. "ఈడ ఉండె నా చెట్లు" అని ఒక మూల కాలుతోని చూపెట్టింది. మూడు కోతలు తిన్నదంట. రెండోయేడు ఇత్తనం మిగలలే. చెప్తుంటె ఆమె కూడ ఆ నున్నటి సిమెంట్ దిక్కే చూస్తుంది.

రంగమ్మ కాడ చెట్లు ఉన్నయి. నిండ కాయలు కూడ ఉన్నయి. దగ్గరికి పోయి చూస్తె ఒకటి గుండ్రం, ఒకటి కోలగ, ఒకటి గోలీ అంత. సంగతి ఏందంటె, నర్సరీల హైబ్రిడ్ నారు కొన్నది, కాయలు మంచిగ వస్తె వాటి ఇత్తనమే దాచి మళ్ల వేసింది. హైబ్రిడ్ అంటె రెండు రకాలను కలిపి చేసింది. దాని ఇత్తనం మళ్ల వేస్తె తల్లి లెక్క రాదు, తలా ఒక తీరు పడ్తది. సొట్ట టమాట ఏమైందంటె, "కొనేటోళ్లు గుండ్రంయి అడుగుతరు తమ్మీ. సొట్టయి దుకాణం ముందర పెడితె పాడైనయనుకుంటరు" అన్నది. ఆమె తప్పేం లేదు. ఆమెది దుకాణం.

ఇంకిద్దరు ముగ్గురిని అడిగిన. ఒకరు ఊరే ఇడ్సిండ్రు. ఒకరికి అసలు యాదిల లేదు, "గా పులుపుదా?" అన్నరు. ప్రతి రోజు మరియమ్మ స్టేజి కాడ నిలబడేది. నేను కిటికిల నుంచి తల అడ్డం ఊపుడు, బస్సు పోవుడు. నా నౌకరిల చానా మంది ప్యాసింజర్లను ఎక్కించుకోకుండ పోయిన, నిండిందని. వాళ్లెవ్వరూ యాదికి లేరు. చెయ్యి ఎత్తకుండ నిలబడ్డ ఆ మనిషే ఉన్నది.

అంజమ్మ మిగిలింది. కానీ నా బస్సు నాగర్‌కర్నూల్ దాక్నే, తిమ్మాజిపేట తొవ్వ వేరే. మా లైనుల ఇసొంటప్పుడు ఒక పద్ధతి ఉన్నది. బస్టాండుల టైము దొరకదు గనుక, పక్క రూటు డ్రైవర్ ఎదురైతె ఇద్దరం కిటికి పక్క కిటికి వచ్చేటట్టు ఆపి, రెండు ముక్కలు మాట్లాడుకొని పోతం. ప్యాసింజర్లు తిడ్తరు, తిట్టనియ్యి. తిమ్మాజిపేట దిక్కు నడిపే డ్రైవర్‌ను నాగర్‌కర్నూల్ ఊరి బయట అట్ల ఆపి, కోడేరుల బిడ్డ ఉన్న అంజమ్మ, పెద్ద వాకిలి, బోరింగు పక్క ఇల్లు, సొట్ట టమాట ఇత్తనం ఉన్నదా, అడిగి చెప్పుమన్న.

"ఏందన్నా, టమాటల దుకాణం పెడ్తవా రిటైర్ అయినంక?" అన్నడు.

"నీకు బోణి చేపిస్త, అడుగు" అన్న.

రెండో రోజు అదే జాగల లైట్లు కొట్టి ఆపిండు. "ఉన్నదంట. కానీ ముసలామె ఇయ్యలే నాకు. 'తిరుగు ఇత్తనం మనిషి చేతికి ఇస్త, బస్సు చేతికి ఇయ్య. ఆమెనే షరతు పెట్టింది, ఆమెనే రమ్మను' అన్నది. మస్తు గట్టిది, ఉల్టా నన్నే నీకు పిల్లలెంతమందని అడిగింది."

మరియమ్మ మళ్ల పోయే రోజు దగ్గర పడ్డది. నా వారపు సెలవు రోజున ఇద్దరం తిమ్మాజిపేటకు పోయినం. మొదలు నా బస్సుల, వేరే డ్రైవర్ నడుపుతుంటె, నాగర్‌కర్నూల్ దాక. డ్రైవర్ ప్యాసింజర్‌గ కూసునుడు అంత నరకం ఇంకోటి లేదు. ప్రతి మలుపుల నా కుడి కాలు నేలను తొక్కుతనే ఉన్నది. ఖాజా భాయ్ వచ్చి వంగి, "ఉస్తాద్, బ్రేకు అక్కడ లేదు. నేలకు బొక్క పడ్తది" అన్నడు. మరియమ్మ ఆ రోజు మొదటి సారి నవ్వింది.

అంజమ్మది వ్యవసాయం ఇల్లు. పెద్ద దర్వాజ, లోపల వాకిలి, దాని వెనక దొడ్డి. నేను లోపలికి పోయిన. మరియమ్మ దర్వాజ బయటనే నిలబడ్డది. కూలి మనిషి, పైగ ఎన్నడు చూడని ఊరు, ఎవరు పిలవకుండ పెద్దిండ్ల గడప దాటే అలవాటు ఆమెకు లేదు. అంజమ్మ మంచంల నుంచి లేచి బయటికి చూసింది.

"నువ్వు మరియమ్మవే గద? గాడ నిలబడితె ఇత్తనం నీ కాడికి నడ్సి రాదు. దొడ్లెకు రా."

మరియమ్మ చెప్పులు ఇడ్సి లోపలికి వచ్చింది.

"చెప్పులు ఎందుకు ఇడ్సినవే, ఆడ ముండ్లున్నయి, ఏస్కో" అన్నది అంజమ్మ. "నీ టమాట రసం పడ్డ చీర ఇగో ఇదే. ఎన్ని సార్లు ఉతికినా మరక పోలే. నువ్వేమో మళ్ల కనపడ్తలేవు."

"పూనాల ఉంటున్న పెద్దమ్మా."

"యాడుంటె ఏంది. మా పెద్దోడు రెండెకరాల్ల హైబ్రిడ్ ఏస్తడు. లారీలల్ల పట్నం పోతది. నన్ను చూసి నవ్వుతడు, గా సొట్టదాన్ని ఇంకా ఎందుకు పెట్టుకున్నవని. నవ్వుడు నవ్వుతడు, పప్పుల మాత్రం ఇదే లేకపోతె గిన్నె జరుపుతడు."

దొడ్లె జాలారు పక్కన ఒక చిన్న నారుమడి ఉన్నది. ఈసారి ముందే పడ్డ వానకు చల్లిందంట, నారు నాలుగాకులు వేసింది. కాయ లేదు, ఈ రకానికి ఆ కాలంల ఉండదు. నేను లోపల లోపల కాయ కోసమే వచ్చిన్నని అప్పుడు నాకే తెలిసింది. మరియమ్మ నారుమడి కాడ గొంతు కూసున్నది. ఆ టమాట ఆకు వేరే టమాటల లెక్క చీలికలు చీలికలుగ ఉండదు, ఆలుగడ్డ ఆకు లెక్క వెడల్పుగ ఉంటది. ఒక ఆకు రెండు వేళ్లతోని నలిపి వాసన చూసింది. మళ్ల చూసింది. చానా సేపు లేవలే. అంజమ్మ బోరింగు కాడికి పోయి ఊరికెనే చేతులు కడుక్కున్నది.

తర్వాత గోడ మీది నుంచి పిడక ఊడదీసి తెచ్చి, మరియమ్మ ఒడిల పెట్టింది. ఒక ముక్క కాదు, మొత్తం.

"యాడ పెడ్తవు?" అని అడిగింది.

ఇన్ని రోజులు దొరుకుతదా లేదా అనే ఆలోచననే గానీ, దొరికితె ఎట్ల అనేది మా ఇద్దరికీ తట్టలే. ఊర్ల చల్లితె నీళ్లు పోసేటోళ్లు లేరు. మరిది గోడకు కొడితె మళ్ల ఏ పెండ్లో వస్తది. అయితారం నాడు బండి ఎక్కాలె.

"నీ కాడనే ఉండనియ్యి పెద్దమ్మా" అన్నది చివరికి.

"ఉండనిస్త. మరి ఇంత దూరం ఎందుకొచ్చినవు?"

"చూద్దామని" అన్నది.

ఆ ఒక్క మాట నాకు ఇప్పటికీ ఇనపడ్తది.

అంజమ్మ పిడకను మోకాలు మీద పెట్టి ఇర్సింది. పెద్ద ముక్క తను పెట్టుకున్నది, చిన్న ముక్క మరియమ్మ కొంగుల కట్టింది. "పూనాల మట్టి ఉంటదా?"

"ఇసుక ఉంటది. సిమెంటు ఉంటది. గోడలకు పట్టే నీళ్లు కింద పారుతుంటయి" అన్నది మరియమ్మ. "పెడ్త. వస్తదేమో చూస్త."

"పెట్టు. ఇంకో సంగతి ఇను. ఏటా మిర్గం నాడు నేను దీన్ని చల్లుత. నా కోసం కాదు, నీ పేరు చెప్పి చల్లుత. నేను పోయినంక మా కోడలు చల్లుతది, దానికి చెప్పి పెడ్త. నువ్వు ఎప్పుడు వస్తె అప్పుడు అడుగు. సిగ్గుపడి అడగకుండ ఉండకు, అడగకపోతె నీది బాగున్నదనుకుంట నేను."

అయితారం నాడు మరియమ్మ పోయింది. ఆ యేడు చలికాలం వాళ్ల ఊరి కూలీ ఒకాయన పూనా నుంచి వచ్చి నా బస్సు ఎక్కిండు. మరియమ్మ చెప్పుమన్న మాట అని చెప్పిండు. బిల్డింగు పక్కన చెట్లు మంచిగనే వచ్చినయంట, నిండ కాసినయంట. కాయ రంగు తిరిగే యాళ్లకు బిల్డింగు అయిపోయింది, వేరే జాగకు తీస్కపోయిండ్రు. "వాచ్‌మన్ తింటుండొచ్చు అన్నది సార్, నవ్వుకుంట చెప్పింది" అన్నడు. నవ్వుకుంట ఎట్ల చెప్పి ఉంటదో నాకు ఎరుకే. నేను కూడ చానా మాటలు అట్లనే చెప్త.

ఆ తర్వాత చలికాలాలల్ల తిమ్మాజిపేట డ్రైవర్ లైట్లు కొట్టి ఆపి, కిటికిల నుంచి ఒక సొట్ట టమాట ఇచ్చేటోడు. అంజమ్మ పంపేది. ఇత్తనం బస్సు చేతికి ఇయ్యలే గానీ, పండు ఇయ్యనీకి ఆమెకు అభ్యంతరం లేకుండె. కొన్నిసార్లు పగిలి వచ్చేది, కొన్నిసార్లు సగం వాడే తిని సగం ఇచ్చేటోడు. ఖాజా భాయ్, నేను పంచుకొని ఉప్పుతోని తినేటోళ్లం.

2009ల నన్ను మళ్ల గద్వాలకు బదిలీ చేసిండ్రు. ఆ తొవ్వల తిమ్మాజిపేట బస్సు ఎదురుకాదు. గద్వాల మార్కెట్ల టమాటలకు ఏం తక్కువ లేదు, అన్నీ గుండ్రంగ, ఎర్రగ, గట్టిగ ఉంటయి. కోడేరు బస్సుల నుంచి కింద పడినా పగలవు. మా ఇంటామె పప్పుల చింతపండు ఎక్కువేస్తది, నేను చాలలే అంట, ఆమె నీ నాలికకు ఏమైంది అంటది. నేను గద్వాలకు వచ్చేదాక మరియమ్మ ఆ టమాట మళ్ల తన సొంత జాలారు కాడ పండంగ చూడలే. అంజమ్మ మాత్రం ఏ మిర్గం తప్పియ్యలే. ఇది తిమ్మాజిపేట డ్రైవర్ చెప్పిన మాట.

ఈ ముచ్చటల నాకు తెలిసింది ఇది. ఇత్తనం తెచ్చినోళ్ల ఇంట్ల ఉంటదని అనుకునేటోన్ని. ఉండదు. ఏటా మొదటి వాన పడ్డ రోజు ఎవరు ఇంటి కాడ ఉంటరో, వాళ్ల ఇంట్ల ఉంటది. బతుకుదెరువుకు పోయేటోళ్లు, నా లెక్క తొవ్వ మీద ఉండేటోళ్లు, ఎంత ప్రేమ ఉన్నా దాన్ని నిలుపలేరు. ఉండేటోళ్ల చేతిల పెట్టి పోవాలె, వచ్చినప్పుడు సిగ్గుపడకుండ అడగాలె.